బడిలో గణితం, సైన్స్, టెక్నాలజీ ప్రతిభను గుర్తించి గౌరవించడం ఎలా: జూలై నుంచి ఫిబ్రవరి దాకా పూర్తి పద్ధతి

జాతీయ సైన్స్ దినోత్సవం వచ్చిందంటే చాలా బడుల్లో ఒకే తంతు. వరండాలో బెంచీలు వేస్తారు. థర్మాకోల్ అగ్నిపర్వతాలు, నీటి చక్రం చార్టులు, రాకెట్ నమూనాలు పెడతారు. అతిథి ఒకసారి చుట్టి వస్తారు, సాయంత్రం ప్రథమ, ద్వితీయ, తృతీయ బహుమతులు ఇచ్చేస్తారు. మర్నాడు బహుమతి వచ్చిన అమ్మాయిని ఎందుకు వచ్చిందని అడిగితే చెప్పలేదు. రాని అబ్బాయికి ఏం తక్కువైందో అంతకన్నా తెలియదు.

ఫలానా పిల్ల ఫలానా పని ఇలా చేసింది, మేం దగ్గరుండి చూశాం అని పదిమంది ముందు కచ్చితంగా చెప్పగలిగితే అది గుర్తింపు. షీల్డు, శాలువా, ఫొటో దాని తర్వాతే. ఇక్కడ రాసిందంతా ఆ ఒక్క వాక్యాన్ని నిజాయితీగా చెప్పగలగడానికి ఏం చేయాలన్నదే. 6 నుంచి 10 తరగతులు, సుమారు 300 మంది పిల్లలు ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను దృష్టిలో పెట్టుకుని లెక్కలు వేశాం. కస్తూర్బా, గురుకుల, ప్రైవేటు బడులకైనా ఇదే పద్ధతి సరిపోతుంది. పూర్వ విద్యార్థుల సంఘం గానీ, ఊళ్లో దాతలు గానీ ముందుకొస్తే వాళ్లు కూడా హెడ్మాస్టరుతో కలిసి దీన్ని నడపవచ్చు.

మొదటి మెట్టు: దేన్ని గుర్తిస్తామో ముందే రాసుకోవడం

మార్కులను ఇందులో కలపకండి. మార్కులకు ర్యాంకు ఉంది, ప్రోగ్రెస్ కార్డు ఉంది, పదో తరగతి ఫలితాల రోజు ఫ్లెక్సీ కూడా ఉంది. ఈ గుర్తింపు పిల్లలు సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని చేసిన పనికి మాత్రమే. మూడు విభాగాలు చాలు.

గణితం: ఒక సమస్యనో, ఒక అమరికనో తనంతట తాను శోధించడం. సైన్స్: కొలిచి, పోల్చి చూసిన పరిశీలన లేదా ప్రయోగం. టెక్నాలజీ: ఒక ఇబ్బందిని తీర్చే వస్తువును, ప్రోగ్రామును తయారుచేసి వాడి చూడటం.

6, 7 తరగతులు ఒక గుంపు, 8 నుంచి 10 ఇంకో గుంపు. ఆరో తరగతి పిల్లను పదో తరగతి అబ్బాయితో పోటీకి నిలబెడితే ఆరో తరగతి వాళ్లు మరుసటి ఏడు పేరే ఇవ్వరు. ఈ విభాగాలు, నియమాలు, కింద చెప్పబోయే మార్కుల పట్టిక అన్నీ ఒకే కాగితం మీద రాసి జూలై మొదటి వారంలో నోటీసు బోర్డుకు అంటించండి. న్యాయనిర్ణేతలు ఏం అడుగుతారో పిల్లలకు ముందే తెలియడంలో తప్పేమీ లేదు.

రెండో మెట్టు: క్యాలెండర్

జాతీయ గణిత దినోత్సవం డిసెంబర్ 22, శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు (1887). జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28. 1928లో రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న రోజది. 1987 నుంచి జరుపుకుంటున్నాం. గణితం గుర్తింపు డిసెంబర్ 22న, సైన్స్, టెక్నాలజీ ఫిబ్రవరి 28న ఇస్తే సందర్భం అతుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫిబ్రవరి చివరికల్లా పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షల సన్నాహంలో మునిగిపోయి ఉంటారు. ప్రీఫైనల్స్, స్పెషల్ క్లాసుల మధ్య ఎగ్జిబిట్ పట్టుకుని నిలబడే తీరిక వాళ్లకు ఉండదు. అందుకని పదో తరగతి వాళ్ల పనులు, ఏ విభాగమైనా సరే, డిసెంబర్ 22నే చూసేయాలి. సంక్రాంతి సెలవుల్ని వృథా పోనివ్వకండి. మిగతా తరగతులవాళ్లు ఇంటి దగ్గర కొలతలు తీయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

జూలైలో ప్రకటన, పేర్లు. ఆగస్టులో నోటుపుస్తకాలు మొదలు. దసరా సెలవుల తర్వాత మొదటి పరిశీలన. డిసెంబర్ మొదటి వారంలో రెండో పరిశీలన. ఇంతే. మధ్యలో చూసే ఈ రెండు పరిశీలనలు మానేస్తే ఫిబ్రవరి 26 రాత్రి తండ్రి కూర్చుని థర్మాకోల్ కోస్తాడు, పొద్దున మన బెంచీ మీదకు వచ్చేది అదే.

మూడో మెట్టు: పిల్లల్ని వెతకడం

ఉపాధ్యాయుల్ని పేర్లు చెప్పమంటే ఎప్పుడూ చెయ్యెత్తే ఏడెనిమిది మంది పేర్లే వస్తాయి. మిగిలిపోయేవాళ్లు ఎవరు? వెనక బెంచీలో మౌనంగా ఉండే ఆడపిల్లలు. వాళ్ల నాన్న మోటారు వైండింగ్ షాపులో సాయంత్రాలు పనిచేసే అబ్బాయిలు. ఇంగ్లిషు మీడియంలోకి కొత్తగా మారి నోరు విప్పలేని వాళ్లు. వలస వెళ్లి ఏడాది మధ్యలో తిరిగొచ్చిన వాళ్లు. వీళ్ల పేర్లు రావాలంటే మూడు దారులూ తెరిచి ఉంచాలి: ఉపాధ్యాయుడు చెప్పడం, తోటి విద్యార్థి చెప్పడం, తానే పేరు ఇచ్చుకోవడం.

దరఖాస్తు అర పేజీ దాటకూడదు, తెలుగులో ఉండాలి. నాలుగు ప్రశ్నలు చాలు. నీకు వచ్చిన ప్రశ్న ఏమిటి? అది ఎక్కడ, ఎప్పుడు వచ్చింది? జవాబు కోసం ఇప్పటిదాకా ఏం చేశావు? ఇంకా ఏం కావాలి? నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులు బాగా పనికొస్తాయి. ఒకరికి థర్మామీటరు కావాలి, ఒకరికి వారానికోసారి కంప్యూటరు ల్యాబు తాళం కావాలి. అవి దొరక్కే సగం పనులు ఆగిపోతుంటాయి. ఎవరి దగ్గరా పేరు రాని సెక్షన్ ఏదైనా ఉంటే ఆ తరగతికి వెళ్లి ఒక పీరియడ్ కూర్చుని, 'మీ ఇంట్లో చెడిపోయిన వస్తువును ఎవరైనా బాగుచేశారా?' అని అడగండి. చేతులు లేస్తాయి.

నాలుగో మెట్టు: నోటుపుస్తకం

పేరిచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక లాంగ్ నోటుబుక్ ఇవ్వండి. నియమాలు ఐదు. ప్రతి పేజీకీ తేదీ ఉండాలి. పెన్నుతోనే రాయాలి. కొట్టేస్తే ఒక్క గీతతో కొట్టేయాలి, కింద ఉన్నది కనబడాలి. పేజీ చింపకూడదు. ఎవరి సాయం తీసుకున్నారో రాయాలి: మావయ్య సోల్డరింగ్ చేశాడు, యూట్యూబ్‌లో సర్క్యూట్ చూశాను, ఏఐ యాప్‌ను అడిగాను, ఏదైనా సరే. సాయం తీసుకోవడం తప్పు కాదని మొదటి రోజే గట్టిగా చెప్పాలి. దాచిపెట్టడమే తప్పు.

నోటుపుస్తకాన్ని ఫెయిర్‌గా తిరగరాయించకండి. మట్టి మరకలు, కొట్టివేతలు ఉన్న పుస్తకమే సాక్ష్యం. ఒకే ఇంకుతో, ఒకే తీరు చేతిరాతతో తళతళలాడే పుస్తకం కనబడితే అది ఒక రాత్రిలో తయారైందని అర్థం.

ఐదో మెట్టు: పని విలువ కట్టడం

న్యాయనిర్ణేతలు ముగ్గురు ఉండాలి. అందులో ఒకరైనా బయటి వ్యక్తి కావాలి: పక్క ఊరి బడి స్కూల్ అసిస్టెంట్, డిగ్రీ కాలేజీ లెక్చరర్, పాలిటెక్నిక్ అధ్యాపకుడు, వ్యవసాయ విస్తరణాధికారి, ఎవరైనా సరే. పోటీలో తమ పిల్లలో, తాము స్వయంగా సాయం చేసిన పిల్లలో ఉంటే ఆ ఎగ్జిబిట్‌కు వాళ్లు మార్కులు వేయకూడదు.

సమయం లెక్క ముందే వేసుకోండి. 24 ఎగ్జిబిట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదాన్ని ఇద్దరు విడివిడిగా చూడాలి. మొత్తం 48 సార్లు చూడటం, ముగ్గురికి పంచితే తలా 16. ఒక్కోదానికి 10 నిమిషాలంటే 160 నిమిషాలు, అంటే 2 గంటల 40 నిమిషాలు. చాలా బడుల్లో 40 నిమిషాల్లో ముగించేస్తారు. అలా చేస్తే కంటికి ఇంపుగా ఉన్నదానికే బహుమతి పోతుంది.

సైన్స్, టెక్నాలజీకి 50 మార్కులు ఇలా పంచుకోవచ్చు: ప్రశ్న స్పష్టంగా, తనదిగా ఉందా అన్నదానికి 10. పద్ధతికి 15. నోటుపుస్తకంలోని ఆధారాలకు 10. అడిగిన ప్రశ్నలకు ఇచ్చే వివరణకు 15. గణితానికి ప్రశ్న 10, ఉదాహరణలు చూసి ఊహ చేయడం 15, ఎందుకన్నది వాదించడం 15, రాసిన తీరు 10. అలంకరణకు సున్నా. ఇంగ్లిషులో మాట్లాడినందుకూ సున్నా. ఈ రెండూ కాగితం మీద రాసే ఉండాలి, లేకపోతే చూసేవాళ్లకు తెలియకుండానే మార్కుల్లోకి వచ్చేస్తాయి. ఇద్దరు వేసిన మార్కుల మధ్య తేడా 10 దాటితే మూడోవారు చూడాలి. సగటు తీసి సర్దేయకండి.

మూడు ఉదాహరణలు దగ్గర నుంచి చూద్దాం.

సైన్స్: ఎనిమిదో తరగతి పిల్ల బోరు నీళ్లకు, వాన నీళ్లకు పెసలు మొలకెత్తడంలో తేడా చూసింది. ఒక్కో గిన్నెలో పది గింజలు వేసి, ఒకదాంట్లో 9, ఇంకోదాంట్లో 7 మొలిచాయి కాబట్టి వాన నీళ్లు మంచివని తేల్చేస్తే అది ప్రయోగం కాదు. ఆ రెండు గింజల తేడా పుచ్చుల వల్ల కూడా రావచ్చు. ఒక్కో రకం నీటికి మూడు పళ్లేలు, పళ్లేనికి 20 గింజలు, అంటే రెండు రకాలకు 120 గింజలు. ఒకే సంచిలోని గింజలు, ఒకే గుడ్డ, ఒకే నీడ, సమానంగా కొలిచిన నీళ్లు. మూడు పళ్లేల్లోనూ తేడా ఒకే వైపు వస్తేనే ఏదైనా చెప్పగలం. అడగాల్సిన ప్రశ్న: 'మూడు పళ్లేలు ఎందుకు పెట్టావు?' దీనికి ఆ పిల్ల తన మాటల్లో జవాబు చెబితే 15కు 13 వేయొచ్చు. తేడా ఏమీ రాలేదని తేలినా మార్కులు తగ్గకూడదు. తేడా లేదని సరిగ్గా చూపించడం కూడా ఫలితమే.

టెక్నాలజీ: ట్యాంకు నిండితే మోగే అలారం ఏటా నాలుగైదు వస్తాయి. పట్టణాల్లో రెడీమేడ్‌గా అమ్ముతారు కూడా. చూడగానే పక్కన పెట్టేయాలనిపిస్తుంది. తొందరపడకండి. ఒక అబ్బాయి దాన్ని నిజంగానే ఇంటి ట్యాంకుకు బిగించాడు. కొన్నాళ్లకు మోగడం మానేసింది. తీసి చూస్తే నీళ్లలో ఉన్న రెండు రాగి తీగల్లో ఒకటి పచ్చబడి తినేసినట్టు ఉంది, రెండోది బాగానే ఉంది. బ్యాటరీ నుంచి వచ్చేది ఏకముఖ విద్యుత్తు కాబట్టి ధన ధ్రువానికి కలిపిన తీగ నీళ్లలో కరుగుతూ పోతుంది. పదో తరగతి రసాయన శాస్త్రంలో చదివే విద్యుత్ విశ్లేషణే ఇది. పాత టార్చిలైటు బ్యాటరీలను విప్పి వాటిలోని కార్బన్ కడ్డీలను తీగల బదులు పెట్టాడు, మళ్లీ పనిచేసింది. అలారం పాతదే. ఆ తీగ ఎందుకు చెడిందో వెతికిన పని మాత్రం అతనిది, గుర్తించాల్సింది అదే. షాపులో కొన్న మోడలును పట్టుకోవడానికి కూడా ఇదే దారి: ఒక తీగ పీకేసి 'ఇప్పుడేమవుతుంది?' అని అడగండి. 'మొదట చేసినప్పుడు ఏం చెడింది?' అని అడగండి. సొంతంగా చేసినవాళ్ల దగ్గర చెడిపోయిన కథలు కావలసినన్ని ఉంటాయి, కొన్నవాళ్ల దగ్గర ఒక్కటీ ఉండదు.

గణితం: దీన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టలేమని చాలామంది వదిలేస్తారు, పెడితే పైథాగరస్ సిద్ధాంతానికి అట్టముక్కల నమూనా పెడతారు. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి పట్టుకోగలిగిన ప్రశ్న చూడండి: వరుసగా వచ్చే సహజ సంఖ్యల మొత్తంగా ఏయే సంఖ్యలను రాయగలం? 9 = 4 + 5, మళ్లీ 2 + 3 + 4. 15 అయితే మూడు రకాలు: 7 + 8, 4 + 5 + 6, 1 + 2 + 3 + 4 + 5. కానీ 2, 4, 8, 16 ఎంత తిప్పినా కుదరవు. 30 దాకా పట్టిక వేసి ఈ అమరికను పట్టుకుంటే అది మొదటి మెట్టు. 3 నుంచి ప్రతి బేసి సంఖ్యనూ పక్కపక్కనున్న రెండు సంఖ్యల మొత్తంగా రాయొచ్చని చూపితే రెండోది. 2 యొక్క ఘాతాలు (2, 4, 8, 16 లాంటివి) ఎందుకు కుదరవో వాదించగలిగితే మూడోది. అలాంటి మొత్తానికి రెట్టింపు తీసుకుంటే, అది 'ఎన్ని సంఖ్యలు' అన్నదాన్ని 'మొదటిది, చివరిది కలిపిన మొత్తం'తో గుణించినంత ఉంటుంది. ఈ రెండింటిలో ఒకటి ఎప్పుడూ బేసి, ఇంకోటి సరి. రెండూ 1 కన్నా పెద్దవే. కాబట్టి ఆ రెట్టింపుకు 1 కన్నా పెద్ద బేసి కారణాంకం ఉండి తీరుతుంది. 2, 4, 8, 16లను రెట్టింపు చేసినా వచ్చేవి 2 యొక్క ఘాతాలే, వాటికి అలాంటి కారణాంకం ఉండదు. మూడో మెట్టు ఎక్కకపోయినా, మొదటి రెండూ నిజాయితీగా ఎక్కిన పిల్ల గుర్తింపుకు అర్హురాలే. న్యాయనిర్ణేత అడగాల్సింది: 'ఇది 100 దాకా కూడా నిజమేనని నీకెలా తెలుసు?'

ఆరో మెట్టు: ఎన్ని బహుమతులు, ఏ బహుమతి

ప్రథమ, ద్వితీయ, తృతీయ వద్దు. 41 మార్కులకూ 40కీ మధ్య తేడా కొలవగలిగేంత సున్నితమైన తరాజు మన చేతిలో లేదు. 50కి 35 దాటిన ప్రతి పనికీ గుర్తింపు ఇవ్వండి. అవి ఐదు కావచ్చు, పదిహేను కావచ్చు. ఏ విభాగంలోనైనా ఒక్కటీ దాటకపోతే ఆ ఏడు ఆ విభాగానికి ఇవ్వకండి.

బహుమతుల విషయంలో ఒక పాత పరిశోధన తెలుసుకోవాలి. 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే ఆశ చూపారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ముందే ఆశ పెట్టుకున్న పిల్లలు మిగతా రెండు గుంపుల కన్నా తక్కువసేపు బొమ్మలు వేశారు. అందుకని జూలై ప్రకటనలో బహుమతి విలువ రాయకండి, నగదు మాట అసలే వద్దు.

ఇచ్చేది పనిని ముందుకు తీసుకెళ్లేదిగా ఉండాలి. టెక్నాలజీ పిల్లలకు డిజిటల్ మల్టీమీటరు. సైన్స్ పిల్లలకు మంచి భూతద్దం, థర్మామీటరు, చిన్న డిజిటల్ త్రాసు, లేదా మను ప్రకాష్ బృందం రూపొందించిన కాగితపు మైక్రోస్కోపు ఫోల్డ్‌స్కోప్. గణితం పిల్లలకు ఇష్టమైన పుస్తకం, సైంటిఫిక్ క్యాలిక్యులేటరు. వీటిలో చాలావరకు రూ.500 లోపు దొరుకుతాయి. ప్లాస్టిక్ మెమెంటోకూ దాదాపు అంతే అవుతుంది, అది షోకేసులో దుమ్ము పట్టి ఉంటుంది.

ఖర్చు సుమారుగా: లాంగ్ నోటుబుక్కులు 40, ఒక్కోటి రూ.50 చొప్పున రూ.2,000. బహుమతులు 12, రూ.500 చొప్పున రూ.6,000. మందపాటి కాగితం మీద రంగుల ప్రశంసాపత్రాలు 30, రూ.30 చొప్పున రూ.900. న్యాయనిర్ణేతల ప్రయాణం రూ.1,500. పిల్లలకు, తల్లిదండ్రులకు టీ, అల్పాహారం రూ.1,500. మొత్తం రూ.11,900. ధరలు ఊరిని బట్టి మారతాయి గానీ పద్దులు ఇవే. ఫ్లెక్సీకి పద్దు లేదు, గమనించే ఉంటారు.

ఏడో మెట్టు: ప్రశంసాపత్రం రాయడం

అందరికీ ఒకే పాఠం అచ్చు వేసి పేరు మాత్రం పెన్నుతో నింపే పత్రం ఇవ్వకండి. ఈ పద్ధతి అంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది. ప్రతి పత్రంలోనూ 30 నుంచి 50 మాటల్లో ఆ పిల్ల చేసిన పని ఉండాలి.

ఇలా వద్దు: 'సైన్స్ రంగంలో అద్భుత ప్రతిభ కనబరచినందుకు అభినందనలు.'

ఇలా రాయండి: 'ఇంటి ట్యాంకుకు బిగించిన అలారం ఆగిపోతే దాన్ని విప్పి, ధన ధ్రువానికి కలిపిన రాగి తీగ మాత్రమే తినేసినట్టు ఉందని గమనించి, కారణం వెతికి, పాత బ్యాటరీల కార్బన్ కడ్డీలతో మళ్లీ పనిచేయించినందుకు. నోటుపుస్తకంలో ప్రతి మార్పునూ తేదీతో రాసినందుకు.'

రెండోది చదివితే ఆ అబ్బాయికి తాను ఏం బాగా చేశాడో తెలుస్తుంది, మళ్లీ చేయగలడు. పక్కవాడికీ ఏం చేయాలో తెలుస్తుంది. 'నువ్వు మేధావివి', 'పుట్టుకతోనే తెలివైనది' లాంటి మాటలు పత్రంలోనూ మైకులోనూ రానివ్వకండి. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, తెలివైనవాళ్లని పొగిడించుకున్న పిల్లలు తర్వాత తేలిక పజిళ్ల వైపే ఎక్కువగా మొగ్గారు, ఒకసారి తప్పాక ఎక్కువగా నీరుగారిపోయారు. బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా కొత్తవి నేర్పే పజిళ్లు కోరుకున్నారు.

అచ్చుకు పంపేముందు పేరు, ఇంటిపేరు అడ్మిషన్ రిజిస్టరుతోనూ ఆధార్‌తోనూ సరిచూడండి. తప్పు పేరుతో ఉన్న పత్రం తర్వాత ఏ దరఖాస్తుకూ జతచేయడానికి పనికిరాదు, అంతకన్నా ముందు ఆ పిల్ల మనసు నొచ్చుకుంటుంది. పత్రం తెలుగులో ఉండాలి, అమ్మానాన్నలు చదువుకోవాలి కదా. వెనకవైపు ఇంగ్లిషులో అదే విషయం ఉంటే పై దరఖాస్తులకు పనికొస్తుంది.

ఎనిమిదో మెట్టు: సభ

పగటిపూట పెడితే కూలికెళ్లే తల్లిదండ్రులకు ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరుకల్లా ముగించండి. ముందు వరుస కుర్చీలు తల్లిదండ్రులవి. ప్రతి పిల్లా రెండు నిమిషాలు తన పని చెప్పాలి, ఆ తర్వాత హెడ్మాస్టరు ప్రశంసాపత్రం పూర్తిగా చదవాలి, అప్పుడు బహుమతి. పన్నెండు మందికి ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలంటే 48 నిమిషాలు. అతిథులందరికీ కలిపి ఇరవై నిమిషాలు. ఈ లెక్క ఆహ్వానంలోనే రాసి పంపితే ఎవరూ నొచ్చుకోరు. సర్పంచి గారో ఎంఈఓ గారో ఒక ఎగ్జిబిట్ దగ్గర కూర్చుని పిల్లను ప్రశ్న అడిగేలా ఏర్పాటు చేయండి, ఉపన్యాసం కన్నా అది ఊళ్లో ఎక్కువకాలం చెప్పుకుంటారు.

పత్రికలకు వార్త, ఫొటో ఇచ్చేముందు తల్లిదండ్రుల సంతకంతో అనుమతి తీసుకోండి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఎక్కడా రాకూడదు. 'బాల శాస్త్రవేత్త', 'జూనియర్ ఐన్‌స్టీన్' శీర్షికలు విలేకరులు అడిగినా వద్దనండి, ప్రశంసాపత్రంలోని వాక్యాలే ఇవ్వండి.

తొమ్మిదో మెట్టు: పై స్థాయికి పంపడం

బడిలో గుర్తించిన పనిని పైకి పంపడానికి తోవలు ఉన్నాయి. ఒక్కోదానికి వేరే పని కావాలి, అన్నింటికీ ఒకటే పంపితే ఎక్కడా నిలవదు.

ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్: కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. బడి లోపల ఆలోచనల పోటీ పెట్టి, బాగున్న ఐదు ఆలోచనలను ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఎంపికైన విద్యార్థి ఖాతాలో నమూనా తయారీ కోసం రూ.10,000 పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. నమోదు విద్యా సంవత్సరం తొలి నెలల్లోనే ముగుస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో గుర్తించిన పనిని వచ్చే జూలైలో పంపేలా ఫైలు సిద్ధంగా ఉంచుకోవాలి. తరగతుల అర్హత, గడువు ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి, అనుమానం ఉంటే జిల్లా సైన్స్ అధికారిని అడగండి.

ఇందులో ఎక్కడ దెబ్బతింటారంటే: మొదటిది, ఇంటర్నెట్‌లో దొరికే మోడల్ పంపడం. వాటిని ఏరేస్తారు. ఆలోచనను నాలుగు పేరాల్లో రాయించండి: ఇబ్బంది ఏమిటి, ఇప్పుడు జనం ఏం చేస్తున్నారు, నేను చేసే తేడా ఏమిటి, అది ఎలా పనిచేస్తుంది. చేత్తో గీసి భాగాల పేర్లు రాసిన బొమ్మ ఒకటి జతచేయండి. రెండోది బ్యాంకు ఖాతా. ఖాతా విద్యార్థి పేరు మీద ఉండాలి, పేరు ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచి వాడని ఖాతాలు నిద్రాణమై ఉంటాయి. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామీణ బ్యాంకుల విలీనాలు జరిగాయి కాబట్టి పాత పాస్‌బుక్‌లోని ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను బ్యాంకులో ఒకసారి సరిచూసుకోవాలి. ఆలోచన ఎంపికై, డబ్బు పడక, ప్రదర్శనకు నమూనా తయారుకాని పిల్ల బాధ చూడకూడదు. ఇవన్నీ నమోదుకు ముందే సరిచేయగలిగేవి.

గణితం పిల్లలకు ఐఓక్యూఎం అనే ఒలింపియాడ్ అర్హత పరీక్ష ఉంది. 3 గంటలు, 30 ప్రశ్నలు, జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణ సంఖ్యలు. దాని తర్వాత ఆర్ఎంఓ (ప్రాంతీయ గణిత ఒలింపియాడ్), ఐఎన్ఎంఓ (జాతీయ గణిత ఒలింపియాడ్), శిక్షణ శిబిరం, చివరికి అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు ఆరుగురు. పాత పేపర్లు ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకు అడ్డం వచ్చేది లెక్క కన్నా ముందు ఇంగ్లిషు. వారానికి రెండు ప్రశ్నలు ఉపాధ్యాయుడు తెలుగులో చెప్పి, ఇంగ్లిషు వాక్యాన్ని పక్కన పెట్టి చదివిస్తే ఆరు నెలల్లో ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది. ఎంపిక కాకపోతే ప్రతిభ లేనట్టు కాదని పరీక్షకు ముందే చెప్పండి, చాలా కఠినమైన వడపోత అది.

జన విజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాలు మన భాషలో, మన ఊళ్లలోనే జరుగుతాయి. బడిలో గుర్తింపు పొందిన పిల్లలకు బయటి వేదిక మొదటిసారి ఎక్కడానికి చాలా అనువైనవి.

ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కార్‌కు 5 నుంచి 18 ఏళ్ల పిల్లలు అర్హులు, సైన్స్, టెక్నాలజీ అందులో ఒక విభాగం. ఎవరైనా పేరు పంపవచ్చు, పిల్లలు తామే పంపుకోవచ్చు. దీనికి ఒక ప్రదర్శన సరిపోదు. ఆ పని వల్ల బయట ఎవరికి ఏం మేలు జరిగిందో కాగితాలతో చూపగలిగినప్పుడే పంపండి.

పేటెంట్ గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. నిజంగా కొత్త వస్తువు అయితే, దాని లోపలి పనితీరు ప్రదర్శనలో గానీ యూట్యూబ్‌లో గానీ బయటపెట్టక ముందే దరఖాస్తు వేయాలి. బయటపడ్డాక కొత్తదనం పోయిందని తిరస్కరించే అవకాశం ఉంది. ముందు తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వవచ్చు. బడి ఎగ్జిబిట్లలో ఎక్కువ వాటికి పేటెంట్ అవసరం ఉండదు, ఆ మాట మర్యాదగా చెప్పేయాలి. పేటెంట్ ఇప్పిస్తామని డబ్బడిగే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి.

పదో మెట్టు: రిజిస్టరు

ఒక రిజిస్టరు తెరవండి. పేరు, తరగతి, పని, ప్రశంసాపత్రం పాఠం, నోటుపుస్తకం ఎక్కడుంది, ఇంకా మిగిలిన ప్రశ్న ఏమిటి అని ఆరు గళ్లు. సభ జరిగిన నెల తర్వాత ప్రతి పిల్లతోనూ పది నిమిషాలు కూర్చుని ఆఖరి గడి నింపండి. గుర్తింపుకు చేరని వాళ్లతో ముందు కూర్చోండి. వాళ్ల మార్కుల కాగితం చూపించి, ఎక్కడ తగ్గిందో, వచ్చే ఏడు ఏం కలిపితే దాటుతుందో ఒక్క విషయం చెప్పండి. సోల్డరింగ్, త్రీడీ ప్రింటర్ లాంటివి కావాల్సిన పిల్లలు ఉంటే దగ్గరలోని అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడితో మాట్లాడి శనివారం మధ్యాహ్నాలు పంపే ఏర్పాటు చేయండి.

పదో తరగతి వాళ్లు ఏప్రిల్ తర్వాత కనబడరు. టీసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ల నోటుపుస్తకం జిరాక్స్ బడిలో ఉంచుకుని, అసలు పుస్తకం వాళ్ల చేతికివ్వండి. ఆ జిరాక్స్‌ను, వాళ్లు వదిలిన ప్రశ్నతో సహా, జూన్‌లో ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో అప్పగించండి. ట్యాంకు అలారంలో కార్బన్ కడ్డీలు ఎన్ని నెలలు నిలిచాయో ఇంకా ఎవరూ కొలవలేదు.